అపార్ట్‌మెంట్ గ్రూపులో పిల్లల దొంగల ఆడియో, అడ్డు చెప్తే నన్నే తప్పు పడుతున్నారు. ఏం చేయాలి?

హొరమావు_అమ్మ:
మాది అనంతపురం, బెంగళూరు వచ్చి ఆరేళ్లయింది. పాప ఒకటో తరగతి. పది రోజుల కిందట మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఆడియో వచ్చింది. ఆడమనిషి గొంతు, ఏడుస్తున్నట్టు ఉంది. మన ఏరియాలో ముఠా దిగింది, దుప్పట్లు అమ్మేవాళ్లలా వస్తున్నారు, నిన్న ఒక బాబుని ఎత్తుకెళ్లారు అని. ఏ ఏరియా, ఏ రోజు, ఆ బాబు ఎవరు, ఏమీ లేదు. కానీ వినగానే నాకు ఒళ్లు చల్లబడిపోయింది, ఆలోచించకుండా పాప క్లాసు తల్లుల గ్రూపుకి పంపేశాను. ఆ మాట దాచుకోను.

శనివారం సాయంత్రం నిజంగానే ఒక దుప్పట్లాయన వచ్చాడు. యాభై దాటి ఉంటాయి, హిందీ తప్ప రాదు. కింద ఆడుకుంటున్న పిల్లల్ని మంచినీళ్లు అడిగాడట, అంతే. నేను దిగేసరికి చుట్టూ పది పన్నెండు మంది, ఒకాయన కాలర్ పట్టుకుని ఉన్నాడు, మూట విప్పేసి దుప్పట్లన్నీ పార్కింగ్ నేల మీద పడేశారు. ఆయన ఆధార్ కార్డు తీసి చూపిస్తున్నాడు, చెయ్యి ఎంత వణికిందంటే కార్డు రెండుసార్లు కింద పడింది, రెండోసారి తీసుకోబోతే ఎవరో కాలితో తొక్కారు. మా సెక్యూరిటీ అబ్బాయి 112కి ఫోన్ చేశాడు కాబట్టి సరిపోయింది. పోలీసులు వచ్చి, అన్నీ చూసి, ఏమీ లేదని పంపేశారు. కానీ అప్పటికే ఆయన ఫోటో "దొరికాడు" అన్న మాటతో గ్రూపులో పడింది, అక్కణ్ణుంచి ఎటెటు పోయిందో తెలీదు.

ఫోటో తీసేద్దాం, ఆ ఆడియో ఎక్కడిదో కనుక్కుందాం అని రాశాను. "మీ పాపకి జరిగితే తెలుస్తుంది" అన్నారు. అందరూ చదువుకున్నవాళ్లే, మంచివాళ్లే, మాకు అవసరమైతే అర్ధరాత్రి కారు తీసేవాళ్లే. వీళ్లతో ఎలా మాట్లాడాలి?

బీదర్_రోడ్డు:
ముందు ఆ ఫోటో సంగతి చూడండి, మిగతాదంతా తర్వాత. ఎందుకు చెప్తున్నానంటే, 2018 జులైలో హైదరాబాద్ నుంచి కొందరు స్నేహితులు బీదర్ జిల్లాకి వెళ్లారు, దారిలో కారు ఆపి బడి పిల్లలకి చాక్లెట్లు ఇచ్చారు. చూసినవాళ్లకి అనుమానం వచ్చింది. అక్కడ గొడవ తప్పించుకుని బయల్దేరారు గానీ, వాళ్ల కంటే ముందే ఫోటోలూ వీడియోలూ పక్క ఊరికి చేరాయి. ముర్కి అనే ఊరి దగ్గర దారి అడ్డం వేసి పట్టుకుని కొట్టారు. వాళ్లలో ఒకతను చనిపోయాడు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, మన పక్క సీటులో కూర్చునే మనిషి లాంటివాడు. కొట్టినవాళ్లలో ఎవరికీ అతను ఎవరో తెలీదు, ఫోన్లో బొమ్మ మాత్రమే తెలుసు.

అంతకు రెండు నెలల ముందు, మే నెలలో, ఇదే బెంగళూరులో, చామరాజపేటలో, రాజస్థాన్ నుంచి పనికోసం వచ్చిన 26 ఏళ్ల కుర్రాణ్ణి ఇలాగే కట్టేసి కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఒకేసారి ఐదుగురు పోయారు. ఆ ఏడాది దేశమంతా తిరిగిన వీడియో గుర్తుందా, బైక్ మీద వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుపోయేది? అది కరాచీలో పిల్లల జాగ్రత్త కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దింపేసి, ఇలా ఎంత తేలికో చూడండి అని అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేశారు. పిల్లల్ని కాపాడటానికి తీసినదే మనుషుల్ని చంపించింది.

మీ గ్రూపులో ఇది చెప్పండి, లెక్చర్‌లా కాదు, ఇలా జరిగింది అని.

ఇద్దరు_బిడ్డల_తల్లి:
అక్కా, నేను అవతలి పక్క నుంచి మాట్లాడతాను, కోపం తెచ్చుకోకండి. మాకు భయం ఊరికే రాదు. మావారిది నైట్ షిఫ్టు, ఇక్కడ అత్తమ్మ లేదు, పక్కింటివాళ్ల పేరు తెలియదు, పిల్లలు కిందికి దిగితే పైనుంచి పది నిమిషాలకోసారి తొంగిచూస్తూ ఉంటాను. అలాంటప్పుడు ఆ ఆడియో వస్తే అబద్ధమైనా పంపకుండా ఉండలేను, పంపకపోతే రేపు ఏమన్నా అయితే నా మొహం నేను చూసుకోలేను. మమ్మల్ని మూర్ఖులు అన్నట్టు మాట్లాడితే ఎవరూ వినరు.

హొరమావు_అమ్మ:
కోపం ఎందుకమ్మా, నేనూ అలాగే పంపాను కదా. నాకూ అదే భయం.

కేఆర్‌పురం_తాత:
నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఇంట్లో తెలుగు, బయట కన్నడ. మీలో చాలామందికి తెలియదు గానీ 90లలో ఈ ఊళ్లో తలుపుల మీద "నాళె బా" అని రాసుకునేవాళ్లం, రేపు రా అని. రాత్రిళ్లు ఒక దయ్యం మనవాళ్ల గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే చచ్చిపోతారు, ఇది చదివి వెనక్కి పోతుంది అని. చిత్తూరు వైపు మా చుట్టాలు "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు. మా అమ్మ సుద్దముక్కతో రాసి, వాన పడి చెరిగిపోతే మళ్లీ రాసేది. మా వీధిలో ఆ భయం తలుపు దగ్గరే ఆగింది, ఎందుకంటే ఆ దయ్యానికి మొహం లేదు, పట్టుకుని కొట్టడానికి కాలర్ లేదు.

2012 ఆగస్టులో వచ్చిన భయానికి మొహం ఉంది. ఈశాన్య రాష్ట్రాల వాళ్లని కొడతారు అని ఎస్సెమ్మెస్సులు. రెండు మూడు రోజుల్లో వేలమంది గువాహటి రైళ్లెక్కారు, స్పెషల్ రైళ్లు వేయాల్సి వచ్చింది. కేంద్రం ఒక ఫోన్ నుంచి ఒకేసారి ఐదుగురికి మించి మెసేజ్ పంపకుండా కొన్నాళ్లు కట్టడి చేసింది. మా మేడ మీద ఇద్దరు అస్సాం అబ్బాయిలు, సెక్యూరిటీ పని. ఎంత చెప్పినా వినలేదు, నేనున్నానురా అన్నాను. ఒకడు తాళం నా చేతిలో పెట్టి "అంకుల్, మీరు కాదు, మీరు కాదు" అని మాత్రం అన్నాడు. కుక్కర్‌లో అన్నం అలాగే ఉంది, పొద్దున్నే నేనే తీసి కడిగాను. వాళ్లు మళ్లీ రాలేదు.

కాబట్టి తల్లీ, భయపడేవాళ్లని తిట్టి లాభం లేదు. ఆ అబ్బాయిల భయం కూడా వాళ్ల మట్టుకు నిజమే. ఆ రోజు ఒక పెద్ద పోలీసాయన మా మెట్ల మీద నిలబడి మాట్లాడి ఉంటే ఆగేవాళ్లేమో అనిపిస్తుంది ఇప్పటికీ.

గద్వాల_కోడలు:
తాతగారి చివరి మాటకి నేను సాక్షిని. 2018లో మా వైపు కూడా పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా వచ్చిందని ఊళ్లకి ఊళ్లు కర్రలు పట్టుకుని రాత్రి కాపలా కాశాయి. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి గారు పోలీసుల్నే ఊళ్లకి పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఇది అబద్ధం అని చెప్పించారు. మనిషి ఎదురుగా వచ్చి చెప్తే మా అత్తమ్మ నమ్మింది, నేను ఫోన్లో చూపిస్తే నమ్మలేదు.

ఇంకో సంగతి, ఇద్దరు బిడ్డల తల్లిగారికి. మీ భయం తప్పు కాదు, కానీ అది చూడాల్సిన దిక్కు వేరు. పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, దాని కింద పెట్టిన అత్యాచార కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు పిల్లలకి ముందే తెలిసినవాళ్లు, దేశంలో నేరాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ ఏటా ఇదే చెప్తోంది. దుప్పట్లాయన్ని గేటు దగ్గర ఆపేశాం కదా అని మనం నిశ్చింతగా ఉంటే, అసలు చూడాల్సినవాణ్ణి చూడం. పిల్లల గురించి ఏ అనుమానం వచ్చినా 1098 అని పిల్లల హెల్ప్‌లైన్ ఉంది, దానికి ఫోన్ చేయండి.

హొరమావు_అమ్మ మీరు చేయాల్సింది, నాకు తోచింది: మీ స్టేషన్ బీట్ కానిస్టేబుల్‌ని ఆదివారం అసోసియేషన్ మీటింగుకి పిలవండి. మీరు చెప్పొద్దు, ఆయన్ని చెప్పనివ్వండి. తప్పుడు పుకారు ఎక్కిస్తే మూడేళ్ల దాకా జైలు పడొచ్చని కూడా ఆయన నోటే రావాలి, మీ నోట వస్తే బెదిరింపులా ఉంటుంది.

హొరమావు_అమ్మ:
అందరికీ థాంక్స్. ఆదివారం కానిస్టేబుల్ వచ్చారు, తెలుగు కూడా వచ్చు ఆయనకి. ఈ మధ్య మా స్టేషన్‌లో పిల్లల్ని ఎత్తుకెళ్లిన కేసు ఒక్కటీ లేదన్నారు. కాలర్ పట్టుకున్నాయన తల దించుకుని కూర్చున్నారు, తర్వాత ఫోటో ఆయనే తీయించారు, అడ్మిన్‌కి ఫోన్ చేసి మరీ. నేను తల్లుల గ్రూపులో, ఆ ఆడియో నేను కనుక్కోకుండా పంపాను, తప్పు నాది, మీరు పంపినవాళ్లకి ఈ మాట కూడా పంపండి అని రాశాను. ముగ్గురు జవాబిచ్చారు, ఇరవై ఎనిమిది మంది చూసి ఊరుకున్నారు.

సెక్యూరిటీ అబ్బాయి క్యాబిన్‌లో ఆయన దుప్పటి ఒకటి ఉండిపోయింది, హడావుడిలో జనరేటర్ వెనక పడిందట. బూటు మరకలు ఉంటే ఉతికి మడత పెట్టి ఉంచాను. హొరమావు, బాణసవాడి వైపు ఎవరికైనా ఆయన తెలిసి ఉంటే నాకు మెసేజ్ చేయండి. గుర్తులు మాత్రం ఇక్కడ రాయను, మళ్లీ ఏ గ్రూపులోకి పోతాయో.