వేడి పెరిగినా పండ్ల ఈగ గడియారం ఎందుకు తొందరపడదు?

శరీరంలో రోజువారీ లయను నడిపే జీవగడియారాల గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయాను, తెలిసినవారు దారి చూపండి. పండ్ల ఈగలో పీరియడ్, టైమ్‌లెస్ అనే ప్రోటీన్లు రాత్రిపూట పోగుపడి, కణ కేంద్రకంలోకి చేరి, తమ జన్యువుల పనినే ఆపేస్తాయి. తెల్లవారాక అవి కరిగిపోతే చక్రం మళ్లీ మొదలవుతుంది. ఇంతవరకు అర్థమైంది.

నన్ను వదలనిది ఉష్ణోగ్రత సంగతి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగగా మారడానికి సుమారు 10 రోజులు, 18 డిగ్రీల దగ్గర దాదాపు రెట్టింపు. చలికి ఎదుగుదల అంతగా మందగిస్తుంది. కానీ ఈగను సన్నని గాజుగొట్టంలో, పూర్తి చీకటిలో ఉంచి, అది పరారుణ కిరణాన్ని ఎన్నిసార్లు దాటిందో లెక్కపెడితే, రెండు ఉష్ణోగ్రతల దగ్గరా దాని కదలికల లయ ఇంచుమించు 24 గంటలే! ఎంత అద్భుతం!

డబుల్‌టైమ్ అనే ఎంజైమ్ పీరియడ్‌కు ఫాస్ఫేట్లు తగిలించే తీరులోనే కీలకం ఉందా? లేక వేగం పెంచే చర్యలూ తగ్గించే చర్యలూ ఒకదానినొకటి సరిదిద్దుకుంటాయా? 1971లో శాస్త్రవేత్తలు కొనోప్కా, బెంజర్ వివరించిన పీరియడ్ ఉత్పరివర్తనాల్లో (జన్యువులో వచ్చిన మార్పుల్లో) చక్రం 28 గంటలు పట్టే రకం మాత్రం వేడి పెరిగితే ఇంకా నెమ్మదిస్తుంది. ఒక్క అమైనో ఆమ్లం మారితే ఆ నిలకడ ఎలా చెడింది? దయచేసి కొంచెం వివరంగా రాయండి.