నాన్నగారి సంవత్సరీకానికి డాలస్ నుంచి రాజమండ్రికి పూలు పంపాలి: సలహా కోరుతున్నాను

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్న ఒక కూతురు

అందరికీ నమస్కారం. మా నాన్నగారు గత ఏడాది, అంటే 2025 జులై 19న, రాజమండ్రిలో కాలం చేశారు. నేను ఒక్కతే సంతానాన్ని కావడంతో కర్మకాండలన్నీ మా బాబాయిగారి అబ్బాయి, అన్నయ్య, దగ్గరుండి జరిపించాడు. సంవత్సరీకానికైనా ఇంటికి వెళ్ళాలని ఎంతగానో అనుకున్నాను గాని, ఇప్పుడు నాకు నెలలు నిండుతున్నందువల్ల విమాన ప్రయాణం వద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఆ రోజున నాన్నగారి పటానికి వేసే దండ నా తరఫున, నా డబ్బుతో వెళ్ళాలన్నది నా కోరిక.

పదకొండో రోజున ఇలాంటి ప్రయత్నమే చేసి చాలా బాధపడ్డాను. పూలు ఇంటికి చేరవేస్తామని చెప్పే ఒక వెబ్‌సైట్‌లో ‘సంతాప పుష్పాలు’ అన్నచోట నొక్కి డబ్బు కట్టాను. ఉదయం తొమ్మిదింటికి రావలసినవి మధ్యాహ్నం మూడు గంటలకు, వచ్చినవాళ్ళందరూ భోజనాలు చేసి వెళ్ళిపోయాక వచ్చాయి. మెరిసే కాగితంలో చుట్టిన ఎర్ర గులాబీలు, జెర్బెరాలు, వాటి మధ్య ‘హృదయపూర్వక శుభాకాంక్షలు’ అని అచ్చువేసిన చిన్న కార్డు. అమ్మ ఒక్క మాట కూడా అనకుండా దాన్ని వీధి అరుగు మీద పెట్టించింది. వీడియోలో ఆ గుత్తి చూసిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఈసారి ఆ తప్పు జరగకూడదు. జులై 19న ఉదయమే ఇంటికి చేరేటట్టు ఎవరికి చెప్పాలి, ఏ పూలు చెప్పాలి, ఎంత పొడవు చెప్పాలి, డబ్బు ఎలా పంపాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: రాజమండ్రి, పూలకొట్టు

అమ్మా, నమస్కారం. మూడు తరాలుగా పూల వ్యాపారంలో ఉన్న కుటుంబం మాది. మా కొట్టుకే రమ్మని చెప్పడానికి కాదు, మీకు జరిగింది చదివాక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదట ఒక సంగతి తెలుసుకోవాలి. మీరు డబ్బు కట్టినటువంటి వెబ్‌సైట్‌లలో చాలావాటికి మా ఊళ్ళో సొంత కొట్టు ఉండదు. మీ ఆర్డరును ఇక్కడి ఏదో ఒక బొకే షాపుకు ఫోనులో చెబుతారు. ఆ షాపులో ఆ పూట బకెట్లో ఏ పూలుంటే వాటినే గుత్తి కట్టి పంపుతారు. అది పుట్టినరోజుకో, పెద్దకర్మకో కట్టేవాడికి తెలియదు. పైగా బొకే షాపు వేరు, దండలు కట్టే కొట్టు వేరు. బొకేల్లో వాడే గులాబీలు, జెర్బెరాలు ఎక్కువగా బెంగళూరు, హోసూరు వైపు నుంచి వస్తాయి. దండలకు వాడే పూలు మాకు కడియపులంక మార్కెట్టు నుంచి వస్తాయి. హైవే పక్కనే ఉన్న ఆ మార్కెట్టులో తెల్లవారక ముందే గంపలు దిగుతాయి, అక్కడి నుంచే విశాఖపట్నానికీ విజయవాడకూ కూడా లోడ్లు వెళతాయి. మీకు కావలసింది రెండో రకం కొట్టు కనుక, మీ ఇంటికి ఎప్పుడూ పండగ పూలు ఇచ్చే కొట్టు ఏదో అమ్మగారిని గాని, అన్నయ్యగారిని గాని అడిగి, ఆ నంబరుకు మీరే తెలుగులో ఫోను చేసి మాట్లాడండి. ఉదయం మాకు ఊపిరాడదు. రాత్రి ఎనిమిది దాటాక చేస్తే తీరికగా వింటాం. అప్పుడు మీ ఊళ్ళో ఉదయం తొమ్మిదిన్నర అవుతుంది.

ఇక పూల సంగతి. వేసవి దాటాక మల్లెలు తగ్గిపోతాయి, దొరికినా ధర ఎక్కువ. పైగా మల్లె మొగ్గగా ఉండగా కోసి సాయంత్రానికి విచ్చుకునే పువ్వు కనుక, ముందురోజు మొగ్గలతో దండ కడితే మర్నాడు పటానికి వేసే వేళకు అంచులు ఎర్రబడి ఉంటాయి. వానాకాలంలో పటానికి నేనైతే లిల్లీ దండే కడతాను. తెల్లగా ఉంటుంది, సువాసన గది దాటి వస్తుంది. విచ్చీ విచ్చని మొగ్గలు ఏరి కట్టించుకుంటే సాయంత్రందాకా చెక్కుచెదరదు. మధ్యమధ్యలో మరువం గాని తులసి గాని పెట్టమనండి. చామంతి కావాలంటే కూడా దొరుకుతుంది గాని, మన చామంతికి కాలం చలి మొదలయ్యాక. అప్పటిదాకా వచ్చేది ఎక్కువగా కర్ణాటక సరుకు. బంతిపూలు వానకు తడిసి ఉంటే రేకుల అడుగున కుళ్ళు మొదలవుతుంది. పైకి కనబడదు, చేతితో నొక్కితే తెలుస్తుంది.

పొడవు చెప్పేటప్పుడు ‘పెద్ద దండ’ అనవద్దు, పటం కొలత చెప్పండి. ఉదాహరణకు 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న పటానికి పైన ఒక అంచూ, రెండు పక్కలూ కలిపితే 48 అంగుళాలు. కొద్దిగా కిందికి వేలాడడానికి వదిలితే మూడు మూరలు సరిపోతుంది. మరీ లావుగా కట్టిస్తే తడి బరువుకు పటం ముందుకు వంగుతుంది, మేకు ఊడిపోతుంది. నూలు దారంతోనే కట్టమనండి, ఇనుప తీగ వద్దు. కట్టిన దండను అరటాకులో పెట్టి, పైన తడిగుడ్డ కప్పి పంపితే చాలు, ప్లాస్టిక్ సంచిలో పెడితే ఉక్కకు గంటలోనే వడలిపోతుంది.

ఏటా మే 15న కాటన్ దొరగారి జయంతికి ధవళేశ్వరంలోనూ, మా ఊళ్ళోనూ ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. మా తాతగారు ఆ రోజు దండలను తెల్లవారుజామున నాలుగింటికి కట్టడం మొదలుపెట్టేవారు. ఆ మండుటెండలో ఎనిమిదింటికల్లా వేసేయాలి, లేకపోతే విగ్రహం మెడలో పడకముందే పూలు వాలిపోతాయని ఆయన మాట. మీ నాన్నగారి దండనూ ఆ రోజు ఉదయమే కట్టమని అడగండి. రాత్రి కట్టి ఫ్రిజ్‌లో పెడతామంటే ఒప్పుకోవద్దు.

సమాధానం: కాకినాడ, పురోహితుల ఇంటివారు

అమ్మాయీ, ముందు నీ తేదీని సరిచూసుకోవాలి. సంవత్సరీకం ఇంగ్లీషు తేదీకి పెట్టరు, తిథికి పెడతారు. గత ఏడాది జులై 19 ఉదయానికి ఉన్నది ఆషాఢ బహుళ నవమి. మామూలు సంవత్సరాల్లో అదే తిథి మరుసటి ఏడాది పది, పదకొండు రోజులు ముందే వస్తుంది. ఈ ఏడాది మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం, అంటే ఒక అదనపు నెల, వచ్చింది కనుక ముందే రాకుండా ఆలస్యంగా వస్తోంది. తద్దినానికి అపరాహ్ణంలో, అంటే మధ్యాహ్నం దాటిన వేళ, ఉన్న తిథిని లెక్కలోకి తీసుకుంటాము; ఆ ప్రకారం ఆషాఢ బహుళ నవమి ఆగస్టు 7, శుక్రవారం నాడు. మీ ఇంటి పురోహితులను అడిగి ఖాయం చేసుకో. నువ్వు జులై 19న పంపితే ఆ పూలు పందొమ్మిది రోజుల ముందే చేరతాయి. సంవత్సరం తిరిగిన కార్యక్రమం కనుక, కొన్ని ఇళ్ళలో అంతకు ముందురోజే కార్యక్రమాలు మొదలవుతాయి, ఆ సంగతీ అన్నయ్యను అడుగు.

రెండో సంగతి, కర్మలో వాడే పూలు వేరు, పటానికి వేసే దండ వేరు. కర్మకు తులసి, నందివర్ధనం వంటి తెల్లని పూలు చాలు, అవి చాలామంది పెరట్లోనే ఉంటాయి. ఎర్రని పూలూ, మొగలిపూలూ మేము దగ్గరికి రానివ్వము. పటానికి అంత నియమం లేదు గాని, తెలుపు మనసుకు నెమ్మదిగా ఉంటుంది. మీ నాన్నగారికి ఇష్టమైన పువ్వు ఏదైనా ఉంటే, అది ఎరుపైనా సరే, పటం దగ్గర విడిగా ఒక పళ్ళెంలో పెట్టించు. దానికి ఏ శాస్త్రమూ అడ్డు రాదని నా నమ్మకం.

ఇంకొక మంచి కూడా ఉంది. ఆగస్టు 7 నాటికి ఇంకా ఆషాఢమే. పెళ్ళిళ్ళు ఉండవు కనుక పూల మీద ఒత్తిడి తక్కువ. 13న శ్రావణం మొదలైతే ఇక శుక్రవారం పూజలు, పెళ్ళిళ్ళతో పూల ధరలు ఒక్కసారిగా పెరుగుతాయి.

సమాధానం: గుంటూరు, విశ్రాంత ఉపాధ్యాయిని

మేము క్రైస్తవులం. మా వాళ్ళకు ఏటా నవంబరు 2న సమాధుల పండుగ వస్తుంది. ముందు రోజుల్లోనే సమాధులు కడిగి, సున్నం వేయించి, ఆ సాయంత్రం పూలు పరచి కొవ్వొత్తులు వెలిగిస్తాము. మా అబ్బాయిలిద్దరూ దూరదేశాల్లో ఉన్నారు; వాళ్ళ నాన్నగారి సమాధికి వాళ్ళ తరఫున పూలు పెట్టడం తొమ్మిదేళ్ళుగా నా పనే కనుక, దూరం నుంచి పంపేవారి మనసు నాకు కొంత తెలుసు.

పై ఇద్దరూ చెప్పినవాటితో నేను ఏకీభవిస్తున్నాను. అయితే పూలకొట్టుతో బేరం కుదిరింది గదా అని ఊరుకోవద్దు. దండ అందుకునే మనిషి ఎవరో కూడా ముందే ఖాయం చేసుకోవాలి. కార్యం రోజున ఇంట్లో ఎవరి పని వాళ్ళకు ఉంటుంది, వంటవాళ్ళు ఒక వైపు, చుట్టాలు ఒక వైపు. కుర్రవాడు దండ తెచ్చి గుమ్మంలో నిలబడితే, ఎవరిదో ఏమిటో తెలియక ఎవరో ఒకరు తీసి ఓ మూల పెట్టేస్తారు. మా ఇంట్లో ఒక ఏడాది అచ్చంగా అలాగే జరిగింది. పెద్దబ్బాయి పంపిన చామంతులు సమాధికి చేరకుండానే, మర్నాడు బియ్యం బస్తా వెనకాల కనబడ్డాయి. అప్పటి నుంచి పక్కింటి అమ్మాయి పేరు, ఫోను నంబరు పూలవాడికి ఇస్తున్నాము. ఆమె చేతికి తప్ప ఇంకెవరికీ ఇవ్వడు.

అమ్మగారికి చెప్పకుండా చేయాలని ఉంటే మాత్రం వద్దనే నా సలహా. ఆ రోజు ఆవిడ తట్టుకోవలసినవి చాలా ఉంటాయి. కూతురి దండ వస్తోందని ముందే తెలిస్తే, దానికోసం ఎదురుచూడడమే ఆవిడకు ఒక ఆసరా అవుతుంది.

సమాధానం: షార్జా నుంచి

డబ్బు సంగతి ఒక్కటే చెబుతాను. చిన్న పూలకొట్లు విదేశీ కార్డులు తీసుకోలేవు. మీకు ఇండియాలో ప్రవాస భారతీయులకు బ్యాంకులిచ్చే ఎన్ఆర్ఓ గాని, ఎన్ఆర్ఈ గాని ఖాతా ఉంటే, మీ అమెరికా నంబరుతోనే యూపీఐ పెట్టుకోవచ్చు. 2023 నుంచి కొన్ని దేశాల నంబర్లకు ఈ వీలు కల్పించారు, వాటిలో అమెరికా కూడా ఉంది. మీ బ్యాంకు దీన్ని అమలు చేస్తోందో లేదో ముందే కనుక్కోండి. సగం ముందు, సగం దండ చేరాక పంపుతానని అడగండి. నాకు ఇంతవరకు ఏ కొట్టువారూ కాదనలేదు. దండతో పాటు కుర్రవాడికి కూడా ఏదైనా ఇవ్వడం మరచిపోకండి.

ప్రశ్న అడిగినవారి జవాబు (ఆగస్టు 8)

మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. తిథి విషయం చెప్పి ఉండకపోతే నేను జులై 19నే పంపి ఉండేదాన్ని. మా పురోహితులు కూడా ఆగస్టు 7నే ఖాయం చేశారు.

గుంటూరు అమ్మగారు చెప్పినట్టు అమ్మకు ముందే చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తరువాత తనే లేచి వెళ్ళి టేపు తెచ్చి పటం కొలిచింది. మా నాన్నగారి పటం వెడల్పు 14 అంగుళాలు, ఎత్తు 20, కనుక మూడున్నర మూరలు చెప్పాము. అమ్మ ఏళ్ళ తరబడి వినాయకచవితికి పత్రి, పూలు తీసుకునే కొట్టువారే దండ కట్టారు. ఫోనులో నా గొంతు వినగానే ఆ పెద్దాయన, ‘మాస్టారి అమ్మాయివా’ అని అడిగారు. నాన్నగారు ప్రతి శనివారం ఒక మూర కనకాంబరాలు, మరువం కలిపి కట్టించుకుని వెళ్ళేవారట, ‘ఇంట్లో ఆవిడకు మల్లెలు పడవు, తలనొప్పి’ అని చెప్పేవారట. ఇంట్లో పుట్టి పెరిగిన నాకు ఈ సంగతి తెలియదు.

నిన్న ఉదయం ఏడున్నరకు దండ అన్నయ్య చేతికి చేరింది. అరటాకు విప్పుతుండగా వీడియోలో చూశాను; లిల్లీ మొగ్గల మీద ఇంకా తడి ఉంది, ప్రతి జానెడుకు ఒక తులసి రెమ్మ పెట్టారు. ఆకు అడుగున, నేను చెప్పకుండానే, మూరెడు కనకాంబరాల మాల విడిగా పెట్టి పంపారు. అమ్మ దాన్ని పటం ముందు పళ్ళెంలో పెట్టి, చాలాసేపు అక్కడే కూర్చుంది.

మిగిలిన డబ్బు పంపడానికి సాయంత్రం ఫోను చేస్తే ఆ మాలకు లెక్క కట్టలేదని తెలిసింది. ఎంత అడిగినా చెప్పలేదు. కొట్టులో గోడకున్న క్యాలెండరు మీద ‘ఆషాఢ బహుళ నవమి, మాస్టారు’ అని రాసి పెట్టుకున్నానని, వచ్చే ఏడాది ఫోను చేయడం మరచిపోవద్దని చెప్పారు.