బాధితుడే సాక్షి అయితే విచారణ అంతా కోర్టు హాల్లో కూర్చోవచ్చా?

ప్రశ్న:
దాడి కేసు, సెషన్స్ కోర్టులో ఉంది. దెబ్బలు తిన్నాయన పేరు సాక్షుల జాబితాలోనూ ఉంది. ప్రతి వాయిదాకూ వెళ్లి వినాలనుకుంటే, సమన్లు వచ్చినప్పుడే రమ్మంటున్నారు. ఇది సరైనదేనా? సొంత లాయరును పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా?

జవాబు 1:
సమన్లు సాక్ష్యం చెప్పడానికి. వినడానికి ఎవరి పిలుపూ అక్కర్లేదు. బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 366 ప్రకారం విచారణ బహిరంగంగానే జరగాలి. అత్యాచారం, పోక్సో లాంటి కేసుల్లో తలుపులు మూస్తారు. చిక్కల్లా వేరే. ఇంకా సాక్ష్యం చెప్పనివాళ్లను బయట కూర్చోబెట్టడం కోర్టుల్లో స్థిరపడిన పద్ధతి. లోపల కూర్చుని విన్నారంటే, "ముందు సాక్షి చెప్పింది విని దానికి తగ్గట్టు చెబుతున్నారు" అని క్రాస్‌లో (ఎదుటి లాయరు ప్రశ్నించేటప్పుడు) పట్టుకుంటారు. అది కేసుకే దెబ్బ. పీపీని (పబ్లిక్ ప్రాసిక్యూటర్, అంటే ప్రభుత్వ లాయరు) ముందుగా కలిసి, బాధితుణ్ని మొదటే విచారించమని అడగండి. ఛార్జిషీటు జాబితాలో ఎల్‌డబ్ల్యు 4 (నాలుగో సాక్షి) అయినా కోర్టులో పీడబ్ల్యు 1గా (ప్రాసిక్యూషన్ మొదటి సాక్షిగా) చెప్పించొచ్చు, వరుస చూసుకునేది పీపీయే. చీఫ్ (పీపీ అడిగే ప్రశ్నలు), క్రాస్ రెండూ ముగిశాక హాల్లో కూర్చోండి. క్రాస్ వాయిదా పడితే అప్పటిదాకా బయటే ఉండటం మంచిది.

జవాబు 2:
లాయరును పెట్టుకోండి, కానీ ఆయన ఏం చేయగలరో తెలుసుకుని పెట్టుకోండి. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 18(8) కింద కోర్టు అనుమతి తీసుకుని ప్రాసిక్యూషన్‌కు సాయపడొచ్చు. నేరుగా క్రాస్ చేయడం, సొంతంగా నోటి వాదన వినిపించడం కుదరవని 2019లో రేఖా మురార్కా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రశ్నలు పీపీకి రాసివ్వాలి. ఆయన అడగకపోతే అప్పుడు జడ్జి దృష్టికి తేవచ్చు. అవసరమనిపిస్తే జడ్జి సెక్షన్ 348 కింద సాక్షిని మళ్లీ పిలుస్తారు. ఇదంతా సాక్షి బోనులో ఉండగానే జరిగితే మేలు. సాక్ష్యం ముగిశాక, అనుమతితో రాతపూర్వక వాదనలు ఇవ్వొచ్చు, 338(2).

జవాబు 3:
పై సెక్షన్లు కొత్త చట్టానివి. విచారణ 2024 జులై 1కి ముందే నడుస్తుంటే పాత సీఆర్‌పీసీయే వర్తిస్తుంది: 366, 18(8), 338(2), 348లకు బదులు వరుసగా 327, 24(8), 301(2), 311.

వాయిదా తేదీల విషయంలో ఒక జాగ్రత్త. మేజిస్ట్రేట్ కోర్టు నుంచి కేసు సెషన్స్‌కు కమిట్ (బదిలీ) అయ్యాక అక్కడి పీఆర్‌సీ నంబరు పోయి ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు వస్తుంది. పాత సీఎన్ఆర్‌తో (ఆన్‌లైన్‌లో కేసు వెతికే నంబరు) ఈకోర్ట్స్ యాప్‌లో చూస్తే "డిస్పోజ్డ్" అని కనిపిస్తుంది. కేసు కొట్టేశారని హడలిపోవద్దు, కొత్త నంబరు పీపీ ఆఫీసులో అడగండి.

బెయిల్ విచారణలోనూ బాధితుడి మాట వినాలని 2022లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కేసైతే సెక్షన్ 15ఏ ఇంకా బలమైనది: ప్రతి విచారణ గురించీ సకాలంలో బాధితుడికి తెలియజేయాల్సిందే.