ఆపరేషన్ తర్వాత డెలీరియం: రక్తపరీక్షల ప్యానెల్ కావాలా, వద్దా?

సీరం_గొట్టం: ఇక్కడ చెన్నైలో ఒక ఆస్పత్రిలో ప్రతిపాదన నడుస్తోంది. డెలీరియాన్ని, అంటే ఉన్నట్టుండి మతి తడబడటాన్ని, ముందే పసిగట్టడానికి 70 దాటి, తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్ళందరికీ సీఆర్‌పీ, ఐఎల్-6 (వాపును చూపేవి), ఎస్100బీ, ఎన్‌ఎస్‌ఈ (మెదడు కణాలు దెబ్బతింటే పెరిగేవి) కలిపి పంపాలని. నేను అనుకూలం. గాయం దగ్గర పుట్టిన సైటోకైన్లు (వాపు కలిగించే ప్రోటీన్లు) మెదడు రక్తనాళాల గోడను సడలిస్తాయి, లోపల మైక్రోగ్లియా (మెదడులోని రక్షణ కణాలు) రెచ్చిపోతుంది. సీఆర్‌పీ 48–72 గంటలకు గానీ శిఖరానికి చేరదు, ఐఎల్-6 మొదటి 24 గంటల్లోనే చేరుతుంది. అంటే ముందే తెలుస్తుంది కదా. అభ్యంతరం ఏమిటో చెప్పండి.

అడయారు_మత్తు: ఏం తెలుస్తుందండీ? తుంటి ఆపరేషన్ అయిన రెండో రోజు సీఆర్‌పీ వంద దాటడం మామూలే, మనిషి చక్కగా పేపరు చదువుతున్నా సరే. డెలీరియం వచ్చినవాళ్ళ సగటు ఎక్కువే, కాదనను. కానీ రెండు గుంపుల అంకెలూ కలిసిపోయి ఉంటాయి, ఎదురుగా ఉన్న ఈ ఒక్కరి సంగతి చెప్పవు. ఎస్100బీ కొవ్వు కణాల్లోనూ ఉంటుంది. తలకు దెబ్బ లేకుండా పెద్ద ఎముక విరిగినా పెరుగుతుంది. తుంటి విరిగినవాళ్ళకు అదే పంపుతామంటారా! ఎన్‌ఎస్‌ఈ సరేసరి, ఎర్రకణాల నిండా ఉంది, అవి చిట్లితే చాలు పెరిగిపోతుంది.

సీరం_గొట్టం: ఎన్‌ఎస్‌ఈ మీద ఈ నింద ఎప్పుడూ ఉన్నదే. సన్న సూదితో సిరంజి గట్టిగా లాగి, మూత గుచ్చి లోపలికి నెట్టేది వార్డువాళ్ళు, మాట పడేది ల్యాబు. నిలువుగా పెట్టి 30 నిమిషాలు గడ్డకట్టనిచ్చి, గంటలోపు సెంట్రిఫ్యూజ్ చేస్తే చాలు. ఎర్రకణాలు ఎంత చిట్లాయో చెప్పే హిమోలిసిస్ ఇండెక్స్ ప్రతి శాంపిల్‌కీ చూస్తాం, ఎర్రగా ఉంటే వెనక్కి పంపుతాం.

అడయారు_మత్తు: గొట్టంలో చిట్లినవాటి గురించి మీరు చెబుతున్నారు. ఒంట్లోనే చిట్లితే? గుండె ఆపరేషన్‌లో బైపాస్ మిషన్ మీద ఉన్నప్పుడు జరిగేది అదే. దాన్ని ఏ ల్యాబుకు తిప్పి పంపుతారు?

మందుల_అర: మధ్యలో ఒక మాట. రక్తం ఎక్కించే ముందు అలవాటుగా ఇచ్చే ఎవిల్, వాంతికి ఫెనర్గాన్, నిద్రకు లోరజెపామ్. మూడూ డెలీరియం తెచ్చిపెట్టగలవే. ముందు చార్టులో వీటిని కొట్టేయండి, తర్వాత మార్కర్లు (ఈ రక్తపరీక్షలు) మాట్లాడుకుందాం.

సీరం_గొట్టం: బైపాస్ సంగతి ఇక్కడ ఎందుకు సార్? మనది తుంటి. ఎన్‌ఎస్‌ఈ వద్దంటే ఎన్‌ఎఫ్‌ఎల్ పెట్టండి. నరాల తంతువు దెబ్బతింటే బయటికొచ్చే ప్రోటీన్ అది, ఎర్రకణాల గొడవ లేదు. ఆపరేషన్‌కు ముందే ఎక్కువ ఉన్నవాళ్ళకు డెలీరియం ముప్పు ఎక్కువని కూడా కనబడింది.

అడయారు_మత్తు: వయసు పెరిగితే పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటే పెరుగుతుంది. మన తుంటి పేషెంట్లలో ఆ రెండూ లేనివాళ్ళు ఎందరు? పైగా ఆపరేషన్ తర్వాత రోజుల తరబడి ఎక్కుతూనే ఉంటుంది, రేపటి రాత్రి సంగతి చెప్పలేదు. ఇంకొకటి. వాపే మూలమైతే వాపు తగ్గిస్తే డెలీరియం తగ్గాలి. గుండె ఆపరేషన్లలో 7,507 మందితో జరిగిన సిర్స్ ట్రయల్‌లో (2015) వాపు తగ్గించే స్టెరాయిడ్ మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు, డెలీరియం తగ్గలేదు. డెక్స్ ట్రయల్‌లో డెక్సామెథసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ ఇచ్చారు, డెలీరియం కోసమే చేసిన దాని ఉప అధ్యయనంలోనూ అంతే.

సీరం_గొట్టం: బైపాస్ ఇక్కడ ఎందుకంటే పట్టించుకోలేదు, ఇప్పుడు మళ్ళీ గుండె ట్రయల్సే తెచ్చారు. స్టెరాయిడ్ పనిచేయకపోతే స్టెరాయిడ్ తప్పు కావచ్చు, మార్కర్ తప్పెలా అవుతుంది?

అడయారు_మత్తు: డబ్బు పేషెంటుది కాబట్టి అడుగుతున్నాను. 4ఏటీ అని మంచం దగ్గరే ప్రశ్నలడిగి మార్కులు వేసే పరీక్ష ఉంది, రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. 4 గానీ అంతకు మించి గానీ వస్తే డెలీరియం అనుమానించాలి, అయిపోయింది.

రాత్రి_షిఫ్ట్: రెండు నిమిషాలా? ఏ భాషలో సార్? నెల్లూరు నుంచి వచ్చిన పెద్దావిడకు తమిళం రాదు, డ్యూటీ సిస్టర్‌కు తెలుగు రాదు. డిసెంబరు నుంచి వెనక్కి నెలలు చెప్పమంటే ఆవిడ పలకదు, పరీక్ష కుదరలేదని 2 వేస్తారు. వయసు, పుట్టిన తేదీ, ఊరు, సంవత్సరం: అక్కడా ఇంకో 2. బుర్ర నిక్షేపంగా ఉన్నా 4 వచ్చేసింది. ఇక నిజంగా డెలీరియంలో ఉండి గోడవైపు తిరిగి మూగగా పడుకున్నాయన షీటులో ‘హాయిగా నిద్రపోతున్నారు’ అని ఉంటుంది. లైను పీకేసుకుని అరిచేవాళ్ళనే మీరందరూ లెక్కేస్తున్నారు.

సీరం_గొట్టం: అదేగా నా గోల. గొట్టానికి భాష అక్కర్లేదు.

అడయారు_మత్తు: ఇప్పటికి అసలు మాట బయటపడింది. రాత్రిపూట మంచం దగ్గర మనిషిని పెట్టలేం గనక గొట్టం పెడదామంటున్నారు.

సీరం_గొట్టం: అవును, అంటున్నాను. మీరు పెడతారా మనిషిని? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసేవాళ్ళు లేని వార్డులో ఏదో ఒక అంకె ఉండటం నయం.

అడయారు_మత్తు: ఆ అంకె చూసి చేసేదేమిటి? మూత్రం నిలిచిందా, మలబద్ధకమా, సోడియం పడిందా, ఆక్సిజన్ తగ్గిందా, నొప్పికి సరిగ్గా ఇచ్చామా, కళ్ళజోడు, వినికిడి మిషన్ దగ్గరున్నాయా. అంకె ఎంతైనా చూడాల్సినవి ఇవే, చూడాల్సింది మనిషే.

రాత్రి_షిఫ్ట్: కూతుర్నో కొడుకునో రాత్రి ఉండనివ్వండి. ‘నిన్నటి నుంచి అమ్మ తేడాగా ఉంది’ అని ముందుగా చెప్పేది వాళ్ళే, 4ఏటీలో ఆ ఒక్క అంశానికే 4 మార్కులు. మా దగ్గర ఎనిమిదింటికి అటెండర్లను కిందికి పంపేస్తారు.

మందుల_అర: సెక్యూరిటీవాళ్ళను ఒప్పించడం ఎన్‌ఎఫ్‌ఎల్ కిట్ తెప్పించడం కన్నా కష్టం.

సీరం_గొట్టం: సరే, అటెండరు విషయం కూడా కమిటీలో పెడతాను. కానీ ఆపరేషన్‌కు ముందు ఒక ఈడీటీఏ గొట్టం (రక్తం గడ్డకట్టనివ్వనిది) తీసి, ప్లాస్మా వేరుచేసి, తర్వాత పరీక్షించుకోవడానికి మైనస్ 80 డిగ్రీల్లో దాచడానికి కూడా వద్దంటారా?

అడయారు_మత్తు: సమ్మతి తీసుకుని, పేషెంటు బిల్లులో వేయకుండా దాచుకోండి.

సీరం_గొట్టం: బిల్లులో వేయకపోతే ఫ్రీజర్ కరెంటు ఎవరు కడతారు సార్?