ఎలక్ట్రోలక్స్ మోడల్ 30 కొన్నాను, ప్లగ్ పెట్టే ముందు ఏమేం చూడాలి?

ఓహైయో_తెలుగోడు

క్లీవ్‌ల్యాండ్ దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంటి పాత సామాన్ల అమ్మకంలో) ఎలక్ట్రోలక్స్ మోడల్ 30 అనే పాతకాలం వాక్యూమ్ క్లీనర్ తీసుకున్నాను. మూడు ఎక్స్‌లతో రాస్తారే, అదే. పేరుపలక మీద 115 వోల్టులు, ఏసీ-డీసీ అని ఉంది. ఇంకా కరెంటు ఇవ్వలేదు.

పరిస్థితి ఇదీ: వైరు మీద గుడ్డ అల్లిక బాగానే ఉంది కానీ ప్లగ్ దగ్గర వంచితే లోపలి రబ్బరు పొడిపొడిగా రాలుతోంది. గుడ్డ హోస్‌ని నొక్కితే కరకరమంటోంది. ముందు మూత రబ్బరు గట్టిపడింది. లోపల పాత గుడ్డ సంచీ దుమ్ముతో సహా ఉంది. అల్యూమినియం మూతలు మసకబారాయి.

1. మోటారును ఏ క్రమంలో పరీక్షించాలి? 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెడితే చాలా?
2. హోస్ బాగుచేయొచ్చా, మార్చాలా?
3. వచ్చే ఏడాది హైదరాబాద్ తీసుకెళ్తాను. 230 వోల్టుల మీద ఎలా నడపాలి?

కమ్యూటేటర్

మంచి ఎంపిక. లురెల్ గిల్డ్ డిజైన్, 1937లో వచ్చి 1954 దాకా అమ్ముడైంది. అన్నేళ్ళు తయారైంది కాబట్టి అరుదైనదేం కాదు, పార్టుల కోసం ఇంకోటి కొనుక్కున్నా పెద్దగా బాధపడక్కర్లేదు. పార్టులు వెతికేటప్పుడు "ఏరస్" అని కూడా కొట్టండి. ఎలక్ట్రోలక్స్ పేరు తిరిగి స్వీడన్ కంపెనీకి వెళ్ళిపోయాక పాత అమెరికన్ కంపెనీ పెట్టుకున్న పేరు అది.

ముందు వైరు. అల్లిక ఎంత బాగున్నా లోపలి రబ్బరు రాలుతోందంటే దాని పని అయిపోయినట్టే, టేపు చుట్టి నడపొద్దు. 18 గేజి రెండు కోర్ల వైరు వేయండి, పాత అందం కావాలంటే గుడ్డ అల్లికతో కొత్త వైర్లు దొరుకుతాయి. ఒక పిన్ను వెడల్పుగా ఉండే ప్లగ్ పెట్టి, స్విచ్చి ఫేజు వైపు వచ్చేలా కలపండి. వైరు బాడీలోకి దూరే చోట లాగుడు జాయింట్ల మీద పడకుండా బిగింపు ఉండాలి. ఆ రంధ్రంలో రబ్బరు బుష్ పోయి ఉంటే కొత్తది వేయకుండా వైరు దూర్చకండి, రేకు అంచు కోసేస్తుంది.

తర్వాత ఇన్సులేషన్. మల్టీమీటర్‌తో చూసి "షార్ట్ లేదు" అనుకోవడం పెద్ద పొరపాటు. దాని బ్యాటరీ వోల్టేజీకి మోటారు తీగల మీది పాత వార్నిష్‌లో లీకేజీ బయటపడదు. 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్‌ని కొలిచే మీటర్) కావాలి. స్విచ్చి ఆన్ చేసి, ప్లగ్ పిన్నులు రెండూ కలిపి ఒక కొన, బాడీ మీద రంగు లేని చోట ఇంకో కొన. 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే కరెంటు ఇవ్వొద్దు. ఈ మెషీన్ బాడీ అంతా లోహం, ఎర్త్ లేదు, లీకైతే ముట్టుకున్నవాళ్ళకే షాక్.

ఇక బల్బు సంగతి. 100 వాట్ల బల్బు పనికిరాదు. ఆగి ఉన్న సిరీస్ మోటారు రెసిస్టెన్స్ కొన్ని ఓమ్‌లే, వేడెక్కిన బల్బుది 130 దాకా ఉంటుంది. మోటారు బాగున్నా షార్టయినా బల్బు దాదాపు ఒకేలా వెలుగుతుంది, మీకు తెలిసేదేమీ ఉండదు. వేరియాక్ (వోల్టేజీని సున్నా నుంచి మెల్లగా పెంచుకునే ట్రాన్స్‌ఫార్మర్) అరువు తెచ్చుకోండి. 20 వోల్టుల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచండి. 40 దాటినా కదలకుండా గుర్రుమంటే ఆపేసి కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు), బేరింగులు చూడండి. ఫ్యాన్లు ఊడదీసి మాత్రం మోటారును ఫుల్ వోల్టేజీ మీద తిప్పొద్దు. లోడు లేని సిరీస్ మోటారుకు వేగం అదుపులో ఉండదు, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) చుట్లు బయటికి వచ్చేస్తాయి.

కార్బన్లు తీసేముందు ఏది ఏ వైపుదో, ఏ ముఖం పైకి ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తిరగేసి పెడితే అరిగిన వంపు కుదరక నిప్పురవ్వలు వస్తాయి. 6 మి.మీ. కంటే పొట్టివైతే మార్చండి. సరైన సైజు దొరక్కపోతే కాస్త పెద్దవి తెచ్చి, అద్దం మీద ఉప్పు కాగితం పరిచి సమంగా అరగదీయండి. హోల్డర్లో అటూ ఇటూ ఊగకూడదు, ఇరుక్కోనూ కూడదు.

కమ్యూటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి పట్టీల చక్రం) మీద సమానంగా గోధుమరంగు పొర ఉంటే దాన్ని ముట్టుకోవద్దు, అది మంచి లక్షణం. నల్లగా మాడి ఉంటేనే సన్న ఉప్పు కాగితం. ఎమరీ కాగితం వద్దే వద్దు, దాని పొడి కరెంటును పారనిచ్చి పట్టీల మధ్య సందుల్లో కూచుంటుంది. సందులు పుల్లతో గీకండి. నడిచేటప్పుడు కార్బన్ కింద చిన్న నీలి చుక్కలు మామూలే. చుట్టూ నిప్పు ఉంగరంలా తిరిగితే వెంటనే ఆపండి, ఆర్మేచర్‌లో చుట్టు తెగి ఉండొచ్చు.

పాతసామాన్లు

పై రిప్లైలో బేరింగుల గురించి పెద్దగా రాయలేదు కాబట్టి ఒక్క మాట: డబ్ల్యూడీ-40 కొట్టకండి. ఉన్న గ్రీజునూ కడిగేస్తుంది, నాలుగు రోజులు నిశ్శబ్దంగా తిరిగి తర్వాత కీచుమంటుంది. చేత్తో తిప్పితే ఇసుక నలిగినట్టు అనిపిస్తే తీసి, అంచు మీది నంబరు చూసి అదే సైజు రెండు వైపులా రేకు మూతలున్నది వేయండి.

హోస్ పరీక్ష మిషన్ నడిచాక చేయండి. ముందు హోస్ లేకుండా మెషీన్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టండి, మోటారు కూత బాగా పైకి లేస్తుంది. తర్వాత హోస్ తగిలించి దాని కొసకు చెయ్యి పెట్టండి. కూత అంత పైకి లేవకపోతే గాలి మధ్యలో దూరుతున్నట్టు. నోరు మూస్తే మోటారు కష్టపడుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలి కదలదు కాబట్టి ఫ్యాన్ మీద భారం తగ్గి వేగం పెరుగుతుంది. అయితే మోటారును చల్లబరిచేదీ ఆ గాలే, 10 సెకన్లు మించి మూయకండి.

కరకరమనే హోస్‌కి మందు లేదు, లోపలి రబ్బరు పోయింది. దాన్ని అలాగే దాచండి, షోకి పెట్టుకోవచ్చు. వాడకానికి 32 మి.మీ. వినైల్ హోస్ కొని, లోహపు కొనలు ఇంకో పాడైన హోస్ నుంచి తీసి బిగించండి. ముందు మూతకు 5 మి.మీ. మూసిన గడుల ఫోమ్ పట్టీ చాలు. మూత చుట్టూ బూడిదరంగు గీత పడుతోందంటే సీలు కుదరలేదని అర్థం.

పాత సంచీని ఇంట్లో దులపకండి, ఎన్-95 మాస్క్ పెట్టుకుని ఆరుబయట. సంచీ లేకుండా ఒక్క నిమిషం కూడా నడపొద్దు. ఇందులో మోటారు సంచీ వెనకే ఉంటుంది, దుమ్ము నేరుగా ఫ్యాన్లలోకీ బేరింగుల్లోకీ పోతుంది.

పాలిష్: అల్యూమినియంకు కాస్టిక్ ఉన్న ఓవెన్ క్లీనర్ తగిలితే నల్లబడిపోతుంది. అల్యూమినియం పాలిష్, మెత్తటి గుడ్డ, అంతే. పేరుపలక మీద రుద్దకండి, అక్షరాలు పోతే ధర కూడా పోతుంది. తోలులాంటి తొడుగుని తడిగుడ్డతో తుడిచి నల్ల బూటు పాలిష్ పల్చగా పట్టించండి.

రాణిగంజ్_రిపేర్

మూడో ప్రశ్నకు. ఇది బ్రష్షులున్న మోటారు, కాబట్టి 50 హెర్ట్జ్ వల్ల ఇబ్బంది లేదు, వోల్టేజీ తగ్గిస్తే చాలు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ అక్కడ కొనుక్కుని రావద్దు. అక్కడి 60 హెర్ట్జ్ కోసమే చేసినది ఇక్కడి 50 మీద, లోపలి ఇనుప కోర్ అయస్కాంతత్వంతో నిండిపోయి కాలుతుంది. బరువు కూడా దండగే. ఇక్కడే 230 నుంచి 115కి స్టెప్‌డౌన్ తీసుకోండి, పేరుపలక మీది వాట్లకు రెండింతల కెపాసిటీ ఉండాలి. పలక మీద 600 ఉంటే 1200 పైన. స్టార్టింగ్‌లో లాగే కరెంటు ఎక్కువ కదా.

"ట్రావెల్ కన్వర్టర్" అని తేలికపాటివి అమ్ముతారు, అవి వద్దండీ. అవి సైన్ వేవ్‌ని ముక్కలు చేసి సగటు తగ్గిస్తాయంతే, శిఖరం 325 వోల్టులకూ పోవచ్చు. ఎనభై ఏళ్ళ వార్నిష్‌కి అది మంచిది కాదు.

బేరింగులు, కార్బన్లు, ఆర్మేచర్ వైండింగ్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అయిపోతాయి. చిన్న ఎలక్ట్రానిక్ సామాను కోఠీ గుజరాతీ గల్లీలో. వైండింగ్‌కి ఇచ్చేటప్పుడు 115 వోల్టులని కాగితం మీద రాసి ఆర్మేచర్‌కి కట్టండి, లేదంటే అలవాటుగా 230కి చుట్టేస్తారు.

ట్రాన్స్‌ఫార్మర్ గోల వద్దనుకునేవాళ్ళు యూరేకా ఫోర్బ్స్ తొలినాళ్ళ యూరోక్లీన్ వాక్యూమ్ క్లీనర్లు వెతకండి. 1982లో స్వీడన్ ఎలక్ట్రోలక్స్ భాగస్వామ్యంతోనే మొదలైన కంపెనీ అది. మన ఇళ్ళ అటకల మీద అట్టపెట్టెతో సహా ఉంటాయి.

ఓహైయో_తెలుగోడు

అందరికీ థ్యాంక్స్. మెగ్గర్ రీడింగ్ 0.4 వచ్చింది. కార్బన్లు ఒకటి 11, ఒకటి 7 మి.మీ. వైండింగ్ పోయినట్టేనా?

కమ్యూటేటర్

తొందరపడకండి. పాత వైరు మోటారు నుంచి విడదీసి, వైరును విడిగా, మోటారును విడిగా కొలవండి. మీ వైరు ఉన్న స్థితికి దోషం దానిదే కావొచ్చు. మోటారే తక్కువ చూపిస్తే ముందు కార్బన్ పొడి ఊది, బ్రష్ హోల్డర్ల చుట్టూ స్పిరిట్‌తో తుడవండి. లీకేజీ ఎక్కువగా ఆ పొడి దారిలోనే. ఆ తర్వాత అట్టపెట్టెలో 60 వాట్ల పాత రకం బల్బు వెలిగించి, మోటారును దానికి తగలకుండా ఒక రోజు ఉంచి, చల్లారాక మళ్ళీ కొలవండి. చెమ్మే అయితే రీడింగ్ పెరుగుతుంది, లేకపోతే వైండింగ్ షాపే.

కార్బన్ల తేడాకు స్ప్రింగులు చూడండి. రెండిటి బిగువూ సమానంగా లేకపోయినా, ఒకటి హోల్డర్లో పట్టేస్తున్నా ఇలాగే అరుగుతాయి. మారిస్తే రెండూ కలిపే మార్చండి.