ఒకసారి దేవునికి అప్పగించాక మళ్ళీ అదే అడిగితే విశ్వాసం లేనట్టా?

ఎదురుచూపు: అందరికీ వందనాలు. మా అక్క చాలాకాలంగా జబ్బుతో ఉంది. ఆమె కోసం ఉదయం, రాత్రి అదే ప్రార్థన చేస్తున్నాను. ఈ మధ్య ఒక ప్రసంగంలో విన్న మాట గుచ్చుకుంటోంది. విశ్వాసంతో ఒక్కసారి అడగాలట, ఆ తర్వాత స్తుతించాలే తప్ప మళ్ళీ అడగకూడదట. అడిగితే మొదటి ప్రార్థనను మనమే కొట్టేసుకున్నట్టట. అడిగింది పొందామని నమ్మమని ప్రభువు చెప్పిన మార్కు 11:24 ఆధారంగా చెప్పారు. అప్పటి నుంచి మోకరించాలంటేనే టెన్షన్. అడిగితే అవిశ్వాసం, అడగకపోతే అక్కను గాలికి వదిలేసినట్టు. మీరేమంటారు?

రాతిపునాది: ఆయన కాస్త గట్టిగా చెప్పారేమో గానీ, తప్పు చెప్పలేదు సిస్టర్. మత్తయి 6:7-8 చూడండి. ఎక్కువగా మాట్లాడితే దేవుడు వింటాడనుకోవద్దు, అడగక ముందే మీ తండ్రికి తెలుసు అంటాడు ప్రభువు. యాకోబు 1:6 సందేహించకుండా అడగమంటుంది. మనలో చాలామంది చేసేది ఏమిటి? ఉన్న భయాలన్నీ ఏకరువు పెట్టి, ముందు ‘ప్రభువా’ అనీ చివర ‘ఆమేన్’ అనీ తగిలిస్తాం. లేచేసరికి భారం దిగకపోగా ఇంకాస్త పెరుగుతుంది. అప్పగించడం అంటే చేతులు తీసేయడం. అప్పగించి మళ్ళీ లాక్కుంటూ ఉంటే అప్పగించినట్టు ఎలా అవుతుంది?

తోమా: ‘ముందు, చివర తగిలించడం’ అన్నది నాకూ తగిలింది. కానీ బ్రదర్, సిలువకు ముందు రాత్రి ప్రభువు ప్రార్థించిన గెత్సేమనే తోట సంగతి ఏం చేస్తారు? మత్తయి 26:44లో ప్రభువు మూడోసారి వెళ్ళి ‘ఆ మాటలే’ చెప్పి ప్రార్థించాడని స్పష్టంగా ఉంది. ఆయనకు విశ్వాసం తక్కువైందా?

ఇక 1 రాజులు 18. ఆ అధ్యాయం మొదటి వచనంలోనే కరువు తర్వాత వర్షం కురిపిస్తానని దేవుడు ప్రవక్త ఏలీయాకు మాట ఇచ్చేశాడు. వాగ్దానం చేతిలో ఉంది. అయినా ఏలీయా కర్మెలు కొండెక్కి, నేలకు వంగి, మోకాళ్ళ మధ్య ముఖం పెట్టుకున్నాడు. సముద్రం వైపు చూసి రమ్మని సేవకుణ్ణి పంపాడు. ఏమీ లేదన్నాడు. మళ్ళీ వెళ్ళమన్నాడు. అలా ఏడుసార్లు. ఏడోసారి కనిపించింది కూడా మనిషి చెయ్యంత మేఘమే.

ఇందులో నాకు బాగా ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. అదే రోజు, అదే కొండ మీద, అదే మనిషి బలిపీఠం మీదికి అగ్ని దిగాలని ప్రార్థిస్తే రెండు వచనాల చిన్న ప్రార్థనకే అగ్ని దిగింది. అగ్నికి ఒక్కసారి, వానకు ఏడుసార్లు. మధ్యలో ఏలీయా విశ్వాసం సన్నగిల్లిందని ఎవరైనా చెప్పగలరా? ఎన్నిసార్లు అడగాలన్న లెక్క విశ్వాసానికి కొలత కాదని ఈ ఒక్క అధ్యాయం చాలు. ప్రభువు నేర్పిన ప్రార్థనలో కూడా ‘అనుదినాహారము నేడు’ దయచేయమనే ఉంది. రేపు మళ్ళీ అడగాల్సిందే. అడిగించడమే ఆయన ఉద్దేశం.

రాతిపునాది: ఆహారం రోజూ కొత్త అవసరం బ్రదర్. స్వస్థత అలా కాదు.

తోమా: జబ్బు మనిషికి ఈ రోజు గడవడం కూడా రోజూ కొత్త అవసరమే.

పాతసిరా: ఇద్దరూ మర్చిపోయిన వచనం ఒకటుంది, ద్వితీయోపదేశకాండం 3:26. యొర్దాను దాటి ఆ మంచి దేశాన్ని చూడనిమ్మని మోషే బతిమాలుకుంటే, చాలు, ఇక ఈ సంగతి నాతో ఎత్తవద్దు అన్నాడు దేవుడు. కొండెక్కి దూరం నుంచి చూడనిచ్చాడు, దాటనివ్వలేదు. పౌలు కూడా తన శరీరంలో ముల్లులా వేధించే బాధను తీసేయమని మూడుసార్లు వేడుకుని, ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు రాగానే ఆపేశాడు. అంటే ఆపమనడం వాక్యంలో ఉంది. కాకపోతే ఆ ఇద్దరూ జవాబు వచ్చాక ఆపారు, జవాబు వచ్చేసిందని తమంతట తాము ప్రకటించుకుని కాదు. ఆ ప్రసంగంలో తిరకాసు అక్కడే ఉందని నా అభిప్రాయం.

కొత్తవిశ్వాసి: జార్జ్ ముల్లర్ ఎవరినీ చందా అడగకుండా దేవుణ్ణి మాత్రమే నమ్ముకుని అనాథాశ్రమాలు నడిపాడంటారు కదా? ఆయన ఒకసారి అడిగి వదిలేసేవాడా?

పాతసిరా: సరిగ్గా తిరగేసి చెబుతున్నారు తమ్ముడూ. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో మొదటి అనాథాశ్రమం తెరిచిన ముల్లర్ అడిగింది అడుగుతూనే ఉండేవాడు. ఐదుగురి మారుమనస్సు కోసం 1844లో రోజూ ప్రార్థించడం మొదలుపెట్టాడు. మొదటి వ్యక్తి మారడానికే ఏడాదిన్నర పట్టింది. అందరి చివర మిగిలిన వాళ్ళ కోసం దశాబ్దాలు ప్రార్థించాడు. జవాబు వస్తుందన్న నమ్మకం ఉంది కాబట్టే విడవకుండా అడిగాడు.

లెక్కలమాస్టారు: ముల్లర్ ఏటా నివేదిక అచ్చువేసేవాడు, జనానికి సంగతులు తెలిసేవి. ‘దేవునికి తప్ప ఎవరికీ తెలియదు’ అనే ప్రచారం కాస్త ఎక్కువే. ఇది వేరే చర్చ అనుకోండి, ఇక్కడ సాగదీయను.

ఎదురుచూపు: చాలా సంగతులు తెలిశాయి. ఇంకో చిన్న సందేహం. అక్కను ఇంకో డాక్టరుకు చూపిద్దామంటే, ‘దేవునికి అప్పగించి మళ్ళీ ఈ పరుగులేంటి’ అంటున్నారు ఇంట్లో.

రాతిపునాది: తప్పకుండా చూపించండి సిస్టర్. ఇందులో మాత్రం నాకు రెండో ఆలోచన లేదు. నెహెమ్యా 4:9లో యెరూషలేము గోడ కడుతున్నవాళ్ళు శత్రువుల భయంతో ప్రార్థన చేశారు, రాత్రింబగళ్ళు కావలి కూడా పెట్టారు. నేను వద్దన్నది భయాన్ని వల్లె వేయడాన్ని, వైద్యాన్ని కాదు.

తోమా: మరి భయాన్ని దేవునికి కాక ఎవరికి చెప్పుకోవాలి బ్రదర్? కీర్తనల్లో సగం ఏమున్నాయి? 13వ కీర్తన ‘ఎంతకాలం’ అని మొదలై, ఆరు వచనాలు తిరిగేలోపు పాటతో ముగుస్తుంది. దావీదు ముందు భయం చెప్పుకున్నాడు, తర్వాతే పాడాడు. మీరు మొదటి సగం కొట్టేయమంటున్నారు.

రాతిపునాది: కొట్టేయమనలేదు. అక్కడే ఆగిపోవద్దన్నాను. ఆ ఆరో వచనం దాకా రాకుండా రోజూ మొదటి వచనం దగ్గరే లేచిపోయేవాళ్ళను చూశాను కాబట్టే అంటున్నాను.

తోమా: కొన్ని రోజులు మొదటి వచనం దాకానే వెళ్ళగలం. 88వ కీర్తన చివరి మాట చీకటే, పాట లేదు. దాన్నీ గ్రంథంలో ఉంచారు కదా.

రాతిపునాది: దాని గురించి ఆలోచించాలి. కానీ ఒక్కటి చెప్పండి. మోషేకు ‘చాలు’ అన్న మాట వినబడింది, పౌలుకూ వినబడింది. ఏ మాటా వినబడని మామూలు మనిషి ఎప్పుడు ఆపాలి?

పాతసిరా: వినబడేదాకా ఎందుకు ఆపడం?