చిన్న కారులో హైవే హోరు: తలుపులకు షీట్లు వేయిస్తే తగ్గుతుందా?

ప్రశ్న: చిన్న హ్యాచ్‌బ్యాక్. 80 దాటితే వెనక నుంచి ఒకటే హోరు, మూడు గంటలకే తల దిమ్మెక్కుతోంది. తలుపులకు డ్యాంపింగ్ షీట్లు (రేకు అదురు తగ్గించే అంటింపు షీట్లు) చాలా?

జవాబు 1: ముందు హోరు ఎక్కడిదో తేల్చండి. రోడ్డు గరుకు మారగానే శబ్దమూ మారితే టైర్లది. ఏ రోడ్డు మీదైనా అదే రొద ఉండి, స్టీరింగ్ కాస్త అటూ ఇటూ తిప్పితే హెచ్చుతగ్గులవుతుంటే వీల్ బేరింగ్ అనుమానించాలి. బేరింగ్ పోతే షీట్లతో పని లేదు, మార్చాల్సిందే. టైరు ట్రెడ్ (రోడ్డుకి తగిలే గాడుల భాగం) మీద చెయ్యి రాసి చూడండి, రంపపు పళ్లలా తగిలితే అరుగుదల సమంగా లేదు. టైర్లో గాలి ఎంతుందో టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎక్కువైతే కుదుపూ చప్పుడూ రెండూ పెరుగుతాయి.

జవాబు 2: వెనక హోరుకి తలుపులతో మొదలుపెట్టడం దండగ. డిక్కీ నేల, వెనక చక్రాల గూళ్లు ముందు. 2 మి.మీ. బ్యూటైల్ (ఒక రకం రబ్బరు) డ్యాంపింగ్ షీటు రేకులో మూడో వంతుకి అంటిస్తే చాలు, అది ఆపేది రేకు అదురునే. నూనె, దుమ్ము తుడవకపోతే ఊడిపోతుంది. పైన క్లోజ్డ్ సెల్ ఫోమ్ (నీరు పీల్చని ఫోమ్) వేయండి. తలుపుల్లో చేస్తే అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయొద్దు, తుప్పు పడుతుంది.

జవాబు 3: గాలి ఈల వినిపిస్తే తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ చూడండి. కాగితం పెట్టి తలుపు మూసి లాగితే, సులువుగా వచ్చేచోట సందు ఉన్నట్టే. ఖాళీ రూఫ్ క్యారియర్ ఉంటే విప్పేయండి. ఇవేవీ లేకుండా 100 నుంచి 85కి దిగినా తేడా తెలుస్తుంది, పైసా ఖర్చు లేదు!